బ్రెగ్జిట్ తర్వాత సరిహద్దు ఎక్కడికి పోయింది?

ఐర్లాండ్‌లో క్లోన్స్ అనే చిన్న ఊరి నుంచి కావన్ వైపు కారులో వెళ్తుంటే సుమారు పది కిలోమీటర్లలో నాలుగుసార్లు దేశం మారుతుంది. ఐర్లాండ్ రిపబ్లిక్‌లో బయల్దేరినవాళ్ళు యునైటెడ్ కింగ్‌డమ్ (యూకే)లోకి, అంటే దాని ముక్కైన ఉత్తర ఐర్లాండ్‌లోకి పోయి, మళ్ళీ ఐర్లాండ్‌లోకి వచ్చి, ఇంకోసారి యూకేలోకి వెళ్ళి, చివరికి మళ్ళీ ఐర్లాండ్‌లో తేలతారు. దారిలో ఎక్కడా గేటు లేదు, ఆపేవాడు లేడు. రోడ్డు అంచున పసుపు గీత తెల్లగీత అవుతుంది, వేగం బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళవుతాయి, ఎన్54 అనే రోడ్డు పేరు ఏ3గా మారుతుంది, అంతే.

ఇలాంటి సరిహద్దు సుమారు 500 కిలోమీటర్లు, దాన్ని దాటే దారులు 200కు పైనే. 2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్లలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి పోదామని, అంటే బ్రెగ్జిట్ కావాలని ఓటేసినప్పుడు, ఆ ఓటు నేరుగా వచ్చి పడింది ఈ గీత మీదే, ఎందుకంటే ఐర్లాండ్ రిపబ్లిక్ ఈయూలోనే ఉండిపోతుంది. కానీ ఆ ఏడాది ప్రచారం చూస్తే ఈ గీత గురించి మాట్లాడినవాళ్ళు బహు తక్కువ. వలసలు, ఆస్పత్రులకు డబ్బు, ఈయూకి పంపుతున్నామంటూ బ్రెగ్జిట్ ప్రచారపు ఎర్ర బస్సు మీద రాసిన వారానికి 350 మిలియన్ పౌండ్లు, వీటి మీదే గొడవంతా. పోలింగ్‌కు రెండు వారాల ముందు మాజీ ప్రధానులు జాన్ మేజర్, టోనీ బ్లెయిర్ ఇద్దరూ, రెండు వేర్వేరు పార్టీల వాళ్ళు, కలిసి ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీకి వెళ్ళి ఈ సరిహద్దు గురించి హెచ్చరించారు. అప్పటి ఉత్తర ఐర్లాండ్ మంత్రి తెరెసా విలియర్స్ మాత్రం సరిహద్దు ఇప్పుడున్నట్టే ఉంటుందని భరోసా ఇచ్చారు. ఇంగ్లండ్ ఓటర్లకు ఈ రెండింటిలో ఏదీ పెద్దగా పట్టలేదు. ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం మంది ఉండిపోదామనే ఓటేశారు, కానీ దేశం మొత్తం లెక్కలో అది కలిసిపోయింది.

ఒక వాణిజ్య కూటమి నుంచి బయటికి రావడమంటే ఏమిటో ఆ రోజుల్లో సరిగ్గా వివరించినవాళ్ళు లేకపోవడం వల్లే తర్వాత నాలుగేళ్ళు బ్రిటన్ పార్లమెంటు తనలో తాను కొట్టుకుంది. అందుకే ఈ లెక్క మొదటి నుంచీ చూడటం మంచిది.

సరిహద్దులో లారీని ఎందుకు ఆపుతారు? ఒకటి, సుంకం కోసం. ఏ దేశంలో తయారైన సరుకు, ఎంత విలువ, ఎంత కట్టాలి అని. రెండు, నిబంధనల కోసం. మాంసం శుభ్రమైనదా, బొమ్మలో వాడిన రసాయనం అనుమతించినదేనా, మొక్కతో పాటు పురుగేమైనా వస్తోందా అని. మూడోది మనుషుల కోసం, పాస్‌పోర్టులు, వీసాలు. ఈయూలో కస్టమ్స్ యూనియన్ మొదటి పని తీసేసింది, ఉమ్మడి మార్కెట్ రెండోది తీసేసింది. ఈ రెండూ వేర్వేరు ఏర్పాట్లు. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహించుకోనక్కర్లేదు, పక్కనే ఉదాహరణలున్నాయి.

నార్వే ఈయూలో లేదు గానీ ఉమ్మడి మార్కెట్‌లో ఉంది, కస్టమ్స్ యూనియన్‌లో లేదు. స్వీడన్‌తో దానికి 1,600 కిలోమీటర్లకు పైగా సరిహద్దు. రెండు దేశాల మధ్య కస్టమ్స్ సహకార ఒప్పందం 1959 నుంచీ ఉంది, ఒకరి అధికారులు రెండోవాళ్ళ పని కూడా చేసిపెడతారు, కంప్యూటర్లున్నాయి, కెమెరాలున్నాయి, గొడవల్లేవు, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంది. అయినా స్వినెసుండ్ దగ్గర సరుకు లారీ ఆగాల్సిందే, కాగితం చూపించాల్సిందే. ఇక తుర్కియే సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. పారిశ్రామిక వస్తువుల వరకూ కస్టమ్స్ యూనియన్‌లో ఉంది, ఉమ్మడి మార్కెట్‌లో లేదు. బల్గేరియా సరిహద్దులో కపికులె దగ్గర లారీల వరస కిలోమీటర్ల కొద్దీ ఉండటం మామూలే, డ్రైవర్లకు వీసాలు, లారీలకు రవాణా పర్మిట్లు వేరే బాధ. అంటే, రెండూ ఉంటేనే గేటు పోతుంది. ఒక్కటి తీసేసినా గేటు ఏదో రూపంలో తిరిగి వస్తుంది.

బ్రిటన్ రెండూ వదిలేద్దామనుకుంది. 2017 జనవరిలో ప్రధాని థెరిసా మే ఆ సంగతి స్పష్టంగానే చెప్పారు. అదే నోటితో ఐర్లాండ్ గీత మీద ఎలాంటి గేటూ రాదన్నారు, ఉత్తర ఐర్లాండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య కూడా ఏ గేటూ ఉండదన్నారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంది వ్యవహారం. ఈ మూడు మాటల్లో ఏ రెండింటినైనా నిలబెట్టుకోవచ్చు, మూడూ కలిపి కుదరదు. నిబంధనలు వేరైన రెండు మార్కెట్ల మధ్య ఎక్కడో ఒకచోట చూడాల్సిందే. ఆ చోటు భూమి మీదా, సముద్రం మీదా అన్నదే ప్రశ్న. లేదంటే బ్రిటన్ మొత్తం ఈయూ నిబంధనల్లోనే ఉండిపోవాలి.

మేం గేటు పెట్టం, ఈయూ పెట్టుకుంటే అది వాళ్ళ తప్పు అని చాలామంది బ్రెగ్జిట్ వాదులు వాదించేవాళ్ళు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఇది నిలబడే వాదన కాదు. క్లోరిన్ నీళ్ళలో కడిగిన కోడిమాంసాన్ని ఈయూ 1997 నుంచీ రానివ్వడం లేదు. రేపు బ్రిటన్ అమెరికాతో ఒప్పందం కోసం ఆ మాంసాన్ని ఒప్పుకుందనుకోండి, గేటు లేని ఐర్లాండ్ దారిన అది పారిస్ దాకా పోతుంది, ఎందుకంటే ఐర్లాండ్‌లోకి వచ్చిన సరుకును ఈయూలో ఇంకెక్కడా ఆపరు. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థ సూత్రం ప్రకారం ఒప్పందం ఏదీ లేకుండా ఒక దేశం సరుకుకు మాత్రమే తలుపు బార్లా తీసిపెడితే, మిగతా దేశాలు మాకూ అలాగే తియ్యమని అడుగుతాయి.

పోనీ ఒక చిన్న గేటు పెడితే కొంప మునుగుతుందా అని లండన్‌లో అడిగినవాళ్ళున్నారు. ఇక్కడే చరిత్ర తెలియాలి. ఈ గీత మీద కస్టమ్స్ చౌకీలు మొదట వచ్చింది 1923 ఏప్రిల్ 1న, ఐర్లాండ్ విడిపోయిన తర్వాత. అప్పటి నుంచీ వెన్న, పందులు, పశువులు, ఏది ఒక వైపు చవకైతే అది రాత్రిపూట రెండో వైపుకి దొంగచాటుగా నడిచేది. 1960ల చివర్లో, ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనేవాళ్ళకూ ఐర్లాండ్‌లో కలవాలనేవాళ్ళకూ మధ్య అల్లర్లు మొదలయ్యాక ఆ చౌకీలే లక్ష్యాలయ్యాయి. 1972 ఆగస్టులో న్యూరీ కస్టమ్స్ కార్యాలయంలో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు, అందులో బాంబు తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. చౌకీని కాపాడటానికి పోలీసులు వచ్చారు, పోలీసులను కాపాడటానికి సైన్యం వచ్చింది, సైన్యం కోసం కొండల మీద కాపలా బురుజులు వచ్చాయి, చిన్న దారులను పేల్చి గుంతలు చేసి మూసేశారు. మొత్తం అల్లర్లలో సుమారు 3,500 మంది ప్రాణాలు పోయాయి. 1993లో ఉమ్మడి మార్కెట్ వచ్చాక కస్టమ్స్ చౌకీలు పోయాయి, 1998 ఏప్రిల్ 10న ఆ అల్లర్లకు ముగింపు పలికిన గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత సైన్యం కూడా పోయింది. ఈ రెండూ కలిస్తేనే ఇవాళ క్లోన్స్ రోడ్డు మీద కారు ఆగకుండా పోతోంది. అందువల్ల ఒక షెడ్డు, ఇద్దరు గుమాస్తాలు అనుకుని తేలిగ్గా మాట్లాడటం ఆ ఊళ్ళలో బతికినవాళ్ళను అవమానించడమే.

గేటు లేకపోవడం మీద అక్కడి వ్యాపారం ఎంతగా ఆధారపడిందో చూడాలంటే గిన్నిస్ బీరు చాలు. డబ్లిన్‌లో కాస్తారు, ట్యాంకర్లలో సరిహద్దు దాటించి బెల్‌ఫాస్ట్‌లో సీసాల్లో, క్యాన్లలో నింపుతారు, మళ్ళీ సరిహద్దు దాటించి డబ్లిన్ రేవు నుంచి ప్రపంచానికి పంపుతారు. ఉత్తర ఐర్లాండ్ పాడి రైతుల పాలలో దాదాపు మూడో వంతు దక్షిణాన ఉన్న డెయిరీలకు పోతుంది. పాల ట్యాంకరును నాలుగు గంటలు ఆపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

థెరిసా మే కుదుర్చుకున్న ఒప్పందంలో బ్యాక్‌స్టాప్ అనే ఏర్పాటు ఉండేది. వేరే మంచి దారి దొరికేదాకా యూకే మొత్తం ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా ఉంటుందని దాని సారాంశం. 2019 జనవరి 15న పార్లమెంటు దాన్ని 432–202 తేడాతో తిప్పికొట్టింది, ఆధునిక బ్రిటన్ చరిత్రలో ఏ ప్రభుత్వానికీ అంత పెద్ద ఓటమి లేదు. మార్చిలో ఇంకో రెండుసార్లు తెచ్చి, రెండుసార్లూ ఓడిపోయారు. తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ అదే ఏడాది అక్టోబరులో ఐర్లాండ్ ప్రధాని లియో వరద్కర్‌ను కలిసి సముద్రం వైపు మొగ్గారు. ఉత్తర ఐర్లాండ్ చట్టం ప్రకారం యూకే కస్టమ్స్ ప్రాంతంలోనే ఉంటుంది, కానీ సరుకుల విషయంలో ఈయూ నిబంధనలు పాటిస్తుంది. తనిఖీలు బెల్‌ఫాస్ట్, లార్న్, వారెన్‌పాయింట్ రేవుల్లో. అంటే స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌కు, ఒకే దేశంలో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పంపే సరుకుకు కస్టమ్స్ కాగితాలు.

ఇదే జాన్సన్ 2018 నవంబరులో బెల్‌ఫాస్ట్ వెళ్ళి డీయూపీ (ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే యూనియనిస్టుల పార్టీ) మహాసభలో, ఇలాంటి ఏర్పాటుకు ఏ బ్రిటిష్ కన్సర్వేటివ్ ప్రభుత్వమూ సంతకం పెట్టకూడదని గట్టిగా చెప్పి వచ్చారు. సంతకం పెట్టిన తర్వాత, 2019 నవంబరులో, అక్కడి వ్యాపారులతో ఎవరైనా ఫారం నింపమంటే చెత్తబుట్టలో పడేయండన్నారు. 2021 జనవరి 1న ఫారాలు వచ్చాయి. ఈ ఒక్క విషయంలో యూనియనిస్టుల కోపం న్యాయమైనదే. వాళ్ళు కోరుకున్న బ్రెగ్జిట్ వాళ్ళనే మిగతా దేశం నుంచి విడదీసింది, అదీ ముందు కాదని చెప్పి.

ఆ తర్వాతి రెండేళ్ళు గందరగోళం. 2021 జనవరి 29న ఈయూ వైపు నుంచే ఒక పెద్ద పొరపాటు జరిగింది. కోవిడ్ టీకాలు ఉత్తర ఐర్లాండ్ దారిన బయటికి పోకుండా ఆపాలని, ఈ ఏర్పాటులో కొంత భాగాన్ని ఒకవైపు నుంచే పక్కనపెట్టడానికి వీలిచ్చే ఆర్టికల్ 16ను వాడబోయారు, డబ్లిన్‌కు కూడా ముందు చెప్పకుండా. కొన్ని గంటల్లో వెనక్కి తీసుకున్నారు గానీ, సరిహద్దు పెట్టకూడదని ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాళ్ళే టీకాల కోసం ఆ పనికి దిగారన్న మాట మిగిలిపోయింది. అదే ఏడాది వేసవిలో సాసేజ్‌ల గొడవ. సాసేజ్‌లాంటి చల్లబరిచిన మాంసపు తయారీలు బయటి దేశాల నుంచి రానివ్వకూడదన్న ఈయూ నిబంధన ఇంగ్లండ్ సాసేజ్‌లకూ వర్తిస్తుందని తేలింది. స్కాట్లండ్ విత్తన బంగాళాదుంపలు ఉత్తర ఐర్లాండ్ రైతులకు వెళ్ళడం ఆగిపోయింది. 2022 ఫిబ్రవరిలో డీయూపీ బెల్‌ఫాస్ట్ ప్రభుత్వం నుంచి తప్పుకుంది, ప్రాంతీయ పాలన రెండేళ్ళు మూతపడింది.

2023 ఫిబ్రవరి 27న రిషి సునాక్ ప్రభుత్వం కుదుర్చుకున్న విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ కొంత చిక్కు విప్పింది. ఉత్తర ఐర్లాండ్‌లోనే అమ్ముడయ్యే సరుకుకు తక్కువ కాగితాల ఆకుపచ్చ వరస, దక్షిణానికి పోయే అవకాశం ఉన్నదానికి పూర్తి తనిఖీల ఎర్ర వరస. సూపర్ మార్కెట్‌కు రకరకాల సరుకు పట్టుకెళ్ళే ఒక్క లారీకి 500 దాకా సర్టిఫికెట్లు కావాల్సిన చోట ఒక్కటి సరిపోతుందని ప్రభుత్వం చెప్పింది. బదులుగా పాల సీసా, మాంసం ప్యాకెట్ మీద ‘ఈయూ కోసం కాదు’ అన్న ముద్ర రావాలి. 2024 డిసెంబరు 10న బెల్‌ఫాస్ట్ అసెంబ్లీ 48–36తో ఈ ఏర్పాటు కొనసాగడానికి ఒప్పుకుంది, కానీ యూనియనిస్టు సభ్యులు వ్యతిరేకంగానే ఓటేశారు. ఇంతకీ ఉత్తర ఐర్లాండ్‌కు ఇందులో లాభం లేదా అంటే ఉంది. బ్రిటన్ మార్కెట్, ఈయూ సరుకుల మార్కెట్ రెండూ అందుబాటులో ఉన్న చోటు అదొక్కటే. ఐర్లాండ్ గణాంక కార్యాలయం లెక్కలో 2021లో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుమతులు 65 శాతం పెరిగాయి. ఇంగ్లండ్‌లో కొనేది బెల్‌ఫాస్ట్‌లో కొనడం మొదలైంది.

ఇప్పుడు అసలు ఆర్థిక లెక్కలోకి వద్దాం. 2020 డిసెంబరు 24న కుదిరిన వాణిజ్య ఒప్పందంలో సుంకాలు సున్నా, కోటాలు సున్నా. మరింకేం, సమస్య తీరింది కదా అని ఆ రోజు చాలామంది అనుకున్నారు. తీరలేదు. సున్నా సుంకం కావాలంటే సరుకు బ్రిటన్‌లోనో ఈయూలోనో నిజంగా తయారైందని రుజువు చెయ్యాలి, పైగా ఈయూలో తయారైనది బ్రిటన్‌కు వచ్చి ఏ మార్పూ లేకుండా తిరిగి ఈయూకి పోతే ఆ సున్నా వర్తించదు. దీనికి పేరొందిన ఉదాహరణ మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ళ పెర్సీ పిగ్ అనే జెల్లీ మిఠాయి. అది జర్మనీలో తయారవుతుంది, బ్రిటన్ గోదాముకు వస్తుంది, అక్కణ్ణుంచి డబ్లిన్‌లోని వాళ్ళ దుకాణానికి వెళ్తుంది. జర్మనీలో చేసిన మిఠాయి ఐర్లాండ్‌లో అమ్మితే సుంకం ఏమిటి అనిపిస్తుంది. కానీ మధ్యలో బ్రిటన్‌లో ఆగింది, అక్కడ దాని మీద ఏ తయారీ పనీ జరగలేదు, కాబట్టి సుంకం పడింది. బ్రిటన్‌ను పంపిణీ కేంద్రంగా పెట్టుకున్న ఎన్నో కంపెనీల లెక్కలు ఆ జనవరిలో ఇలాగే తలకిందులయ్యాయి.

అదే నెలలో నెదర్లాండ్స్ రేవులో దిగిన బ్రిటిష్ లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి కస్టమ్స్ వాళ్ళు హ్యామ్ శాండ్‌విచ్‌లు తీసేసుకున్న దృశ్యం టీవీలో వచ్చింది. చాలామంది దాన్ని కక్ష అనుకున్నారు. కక్ష కాదు, ఈయూ బయటి దేశాల నుంచి వచ్చే మాంసానికి, పాల పదార్థాలకు ముందు నుంచీ ఉన్న నిబంధనే అది, బ్రిటన్ లోపల ఉన్నన్నాళ్ళూ తాను కూడా ఇతరుల మీద అమలు చేసినదే.

పెద్ద కంపెనీలు ఈ కాగితాల కోసం మనుషులను పెట్టుకోగలవు. దెబ్బ తిన్నది చిన్నవాళ్ళు. చీజ్ తయారుచేసే ఒక చిన్న వ్యాపారి ఇంతకుముందు ఫ్రాన్స్‌లో కొనేవాడికి రెండు పెట్టెలు పంపాలంటే పక్కూరి సరుకుతో కలిపి ఒకే లారీలో వేసేవాడు. ఇప్పుడు ఆ రెండు పెట్టెలకూ పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ డిక్లరేషన్, ఏజెంటు ఫీజు. లారీలో ఇరవై మంది సరుకు ఉంటే ఒక్కరి కాగితంలో తప్పున్నా మొత్తం లారీ ఆగుతుంది, కాబట్టి చిన్న చిన్న సరుకులు కలిపి తీసుకెళ్ళడానికి రవాణా వాళ్ళే ఇష్టపడరు. రెండు పెట్టెల మీద లాభం కన్నా కాగితాల ఖర్చు ఎక్కువైతే ఎవరైనా ఏం చేస్తారు, మానేస్తారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకుల 2024 అధ్యయనం ఈయూకి ఎగుమతి మానేసిన సంస్థలు సుమారు 16,400 అని అంచనా వేసింది. సముద్రపు నత్తలు, ఆల్చిప్పల వ్యాపారుల కథ మరీ దారుణం. శుద్ధి చెయ్యాల్సిన నీళ్ళలో పెరిగిన బతికున్న ఆల్చిప్పలు బయటి దేశాల నుంచి ఈయూకి రాకూడదు, అంతే, కాగితంతో కూడా కుదరదు. తరాలుగా నడిచిన వ్యాపారం ఒక్క రాత్రిలో ఆగిపోయింది.

ఖర్చుకు వస్తే, 2018లో బ్రిటన్ పన్నుల శాఖ అధిపతి జాన్ థాంప్సన్ పార్లమెంటు కమిటీ ముందు ఒక్కో డిక్లరేషన్‌కు సగటున 32.50 పౌండ్ల ఖర్చు లెక్కగట్టి చెప్పారు, ఏడాదికి 17 నుంచి 20 బిలియన్ల దాకా పోవచ్చన్నారు. అప్పుడు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఈయూకి కట్టే నికర చందా ఏడాదికి 9 బిలియన్ల ప్రాంతంలో ఉండేది. బస్సు మీద రాసిన 350 మిలియన్లయితే బ్రిటన్‌కు ముందే తగ్గించి ఇచ్చే రిబేటును కూడా కలుపుకున్న మొత్తం, అసలు ఎన్నడూ పంపని డబ్బు. గణాంకాల పర్యవేక్షణ సంస్థ అధిపతి దాన్ని 2017లో మళ్ళీ రాతపూర్వకంగా తప్పుబట్టారు.

మొత్తం నష్టం ఎంత? ఎక్కువగా చెప్పే అంకె 4 శాతం. ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు చేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని, ఎగుమతులు దిగుమతులు రెండూ 15 శాతం తగ్గుతాయని అనుకుంటూ వస్తోంది. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. నిన్నటి కంటే ఇవాళ 4 శాతం పేదవాళ్ళమయ్యామని కాదు. ఉండిపోయి ఉంటే ఎక్కడ ఉండేవాళ్ళమో, దానికి 4 శాతం కింద ఉంటామని. ఆ ఉండిపోయిన బ్రిటన్ ఎక్కడా లేదు, దాన్ని లెక్కలతో ఊహించాల్సిందే. అందుకని ఇతర దేశాలను కలిపి ఒక నకలు బ్రిటన్‌ను తయారుచేసి పోలుస్తారు, ఏ దేశాలను కలపాలన్న దాని మీద అంకె మారుతుంది. మధ్యలో కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం, గ్యాస్ ధరలు. అందుకే ఈ చర్చ తెగదు. ఒక ఫ్యాక్టరీ మూతపడితే ఫొటో తియ్యొచ్చు, రాకుండా పోయిన పెట్టుబడికి ఫొటో ఉండదు.

అయినా తెగకపోవడం, తెలియకపోవడం ఒకటి కాదు. దిశ విషయంలో పెద్దగా అనుమానం లేదు. పౌండు విలువ ఫలితం వచ్చిన రాత్రే 31 ఏళ్ళ కనిష్ఠానికి పడిపోయింది, దాంతో దిగుమతులు ప్రియమయ్యాయి. 2021 చివరికి రెండేళ్ళలో బ్రెగ్జిట్ కాగితాల వల్లే ఆహారం మీద కుటుంబానికి సగటున 210 పౌండ్లు అదనంగా పడిందని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులే అంచనా వేశారు. సంపాదనలో ఎక్కువ వాటా తిండికే పోయే పేదల మీద ఆ భారం ఇంకా ఎక్కువ.

ఉండిపోదామన్నవాళ్ళు కూడా లెక్క సరిగా చెప్పలేదు, అది ఒప్పుకోవాలి. 2016 మేలో బ్రిటన్ ఆర్థిక శాఖ, వెళ్ళిపోదామని ఓటేస్తే చాలు ఏడాదిలో మాంద్యం వస్తుందని, ఐదు లక్షల ఉద్యోగాలు పోతాయని భయపెట్టింది. రాలేదు, పోలేదు. మెల్లగా, ఏళ్ళ మీద వచ్చే నష్టాన్ని రేపే కూలిపోయే ఇల్లులాగా చెప్పడం వల్ల, ఇల్లు కూలనప్పుడు నిజమైన హెచ్చరికను కూడా జనం పట్టించుకోవడం మానేశారు. సేవల ఎగుమతులు అనుకున్నదానికన్నా బాగా నిలబడ్డాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు వేసినప్పుడు బ్రిటన్‌కు 10 శాతం, ఈయూకి 20 శాతం ప్రకటించారు, జులై ఒప్పందం తర్వాత ఈయూది 15కి దిగింది. అక్కడ బయట ఉండటం కలిసొచ్చిన మాట నిజం. సొంత చట్టాలు సొంతంగా చేసుకోవాలన్న కోరిక కూడా చిన్నదేమీ కాదు, డబ్బుతో కొలిచి తోసెయ్యదగింది కాదు. కొంత నష్టమైనా సరే మా నిర్ణయాలు మావే అనుకునే హక్కు ఏ ప్రజలకైనా ఉంటుంది. కాకపోతే ఆ నష్టం ఎంతో ముందు చెప్పి అడగాలి.

బయటికొస్తే ప్రపంచం మొత్తంతో ఒప్పందాలు చేసుకోవచ్చన్నారు. చేసుకున్నారు. ఆస్ట్రేలియా ఒప్పందం వల్ల జీడీపీకి దీర్ఘకాలంలో 0.08 శాతం కలుస్తుందని ప్రభుత్వ అంచనా. దాన్ని కుదిర్చినప్పుడు మంత్రివర్గంలో ఉన్న జార్జ్ యూస్టిస్ 2022 నవంబరులో పార్లమెంటులోనే అది బ్రిటన్‌కు అంత మంచి ఒప్పందం కాదన్నారు. పసిఫిక్ దేశాల సీపీటీపీపీ కూటమిలో 2024 డిసెంబరులో చేరారు. 2025 జులై 24న భారత్‌తో సంతకాలయ్యాయి, దాని విలువను దీర్ఘకాలంలో ఏడాదికి 4.8 బిలియన్ పౌండ్లుగా చూపించారు, అంటే జీడీపీలో 0.1 శాతం పైచిలుకు. ఇవన్నీ మంచివే అనుకున్నా, 4 శాతం గుంతను ఇలాంటి ఎన్ని తట్టలతో పూడ్చాలో చూడండి. దగ్గరి దేశంతో వ్యాపారం ఎక్కువ, దూరమైన కొద్దీ తక్కువ అన్నది అర్థశాస్త్రంలో అతి బలంగా నిలిచిన సూత్రాల్లో ఒకటి. బ్రిటన్ ఎగుమతుల్లో 40 శాతానికి పైగా ఇప్పటికీ ఈయూకే. డోవర్ నుంచి ఫ్రాన్స్ 33 కిలోమీటర్లు, దాన్ని ఏ ఓటూ జరపలేదు.

వలసల సంగతీ అంతే. ఈయూ వాళ్ళ రాక తగ్గింది, కానీ భారత్, నైజీరియా లాంటి దేశాల నుంచి చదువులకు, వృద్ధుల సంరక్షణ పనులకు వచ్చినవాళ్ళతో నికర వలస 2023 నాటికి ఏడాదికి 9 లక్షలు దాటింది. పని చేసేవాళ్ళు కావాల్సిన చోట ఎక్కడి నుంచో ఒకచోటి నుంచి వస్తారు. వలసలు తగ్గాలని ఓటేసినవాళ్ళకు ఇది మోసంలా తోచడంలో ఆశ్చర్యం లేదు.

సరిహద్దు స్వాధీనంలోకి తెచ్చుకుందామన్నది ప్రచారంలో ముఖ్య నినాదం. జరిగింది చూస్తే, ఈయూ 2021 జనవరి 1 నుంచే బ్రిటన్ సరుకును పూర్తిగా తనిఖీ చేసింది, బ్రిటన్ మాత్రం ఈయూ నుంచి వచ్చే ఆహారాన్ని తనిఖీ చెయ్యడం ఐదుసార్లు వాయిదా వేసింది. ధరలు పెరుగుతాయన్న భయం, సిద్ధంగా లేని రేవులు. మూడేళ్ళ పాటు ఫ్రెంచి రైతు సరుకు బ్రిటన్‌లోకి సాఫీగా వచ్చింది, బ్రిటిష్ రైతు సరుకు అటు పోవడానికి నానా తిప్పలు పడింది. 2024 ఏప్రిల్ 30న భౌతిక తనిఖీలు మొదలయ్యాయి, డోవర్ దారిన వచ్చే ఒక్కో సరుకుకు 145 పౌండ్ల దాకా ఫీజు. ఈ సరిహద్దు ఏర్పాట్ల ఖర్చు కనీసం 4.7 బిలియన్లకు తడిసి మోపెడవుతుందని ఆ దేశపు ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది.

ఏడాది తిరిగిందో లేదో, 2025 మే 19న, కీర్ స్టార్మర్ ప్రభుత్వం ఈయూతో కొత్త అవగాహనకు వచ్చింది. ఆహారం, మొక్కలు, పశువుల నిబంధనల్లో బ్రిటన్ ఈయూ వెంట నడుస్తుంది, ఈయూ మార్చినప్పుడల్లా తానూ మారుస్తుంది, ఈయూ చట్టానికి అర్థం చెప్పే విషయంలో చివరి మాట ఈయూ న్యాయస్థానానిదే. ఓటు మాత్రం ఉండదు. చేపల వేటలో ఈయూ పడవలకు 2038 దాకా అనుమతి. వివరాలు ఖరారై అమలైతే డోవర్ షెడ్లలో చాలా వాటికి పనుండదు, ఐర్లాండ్ సముద్రపు తనిఖీలు చాలావరకు పోతాయి. వ్యాపారులకు ఊరట, సందేహం లేదు. కానీ లోపల ఉన్నప్పుడు ఆ నిబంధనలు రాసే బల్ల దగ్గర బ్రిటన్‌కు కుర్చీ ఉండేది, పెద్ద కుర్చీయే. ఇప్పుడు పక్క గదిలో కూర్చుని తీర్మానం వచ్చేదాకా చూడాలి. అధికారం తిరిగి తెచ్చుకోవడమన్న మాటకు, ఈ ఒక్క రంగంలో, సరిగ్గా ఉల్టా ఫలితం ఇది.

స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న బ్రిటిష్ ప్రాంతం జిబ్రాల్టర్‌లోనూ ఇదే కథ ఇంకో రూపంలో నడుస్తోంది. అక్కడ 96 శాతం మంది ఉండిపోదామనే ఓటేశారు, రోజూ 15,000 మంది దాకా పనికోసం స్పెయిన్ వైపు నుంచి వచ్చిపోతారు. 2025 జూన్ 11న కుదిరిన రాజకీయ ఒప్పందం ప్రకారం స్పెయిన్‌తో ఉన్న కంచె దగ్గర తనిఖీలు తీసేస్తారు, వాటి బదులు జిబ్రాల్టర్ విమానాశ్రయంలో, రేవులో బ్రిటిష్ ప్రాంతపు అధికారులతో పాటు స్పెయిన్ అధికారులు పాస్‌పోర్టులు చూస్తారు. ఆ ఒప్పందంలో గీత భూమి మీద నుంచి లేచి విమానాశ్రయానికి వెళ్ళింది. లండన్ నుంచి వచ్చిన బ్రిటిష్ పౌరుడు, బ్రిటిష్ జెండా ఎగిరే చోట దిగి, తమలో తమకు పాస్‌పోర్టు తనిఖీలు లేని యూరప్ దేశాల షెంగెన్ నిబంధన ప్రకారం 180 రోజుల్లో 90 రోజులు మించలేదన్న లెక్క చూపించుకోవాలి.